బిళ్ళ

మర కంటే ముందు కాగితాలొచ్చినయి.
ఒకదాని మీద రెన్మిన్‌బి,
ఇంకోదాని మీద యువాన్,
కింద మాత్రం అదే అంకె: లక్షా ఎనభై ఆరు వేలు.
మా ఓనరు పుల్లయ్యగారు కళ్ళద్దాలు నెత్తికెత్తి
"రెండు దేశాలకు కట్టాల్నా ఏంది, గుమాస్తా?" అన్నడు.

ఆ పొద్దు మిర్యాలగూడ మీద
ఉడికిన వడ్ల వాసన ముసురు పట్టి ఉన్నది.
రోడ్డు పొడుగునా లారీలు,
లారీల మీద పట్టాలు, పట్టాల మీద పిచ్చుకలు.
చైనా నుంచి వచ్చిన లియాంగ్
నల్లగింజను ఎగరగొట్టే మరకు
ఒక్కొక్క కన్నే బిగిస్తున్నడు.

మధ్యల ఫోను పెట్టుకొని మాట్లాడుకున్నం.
ఆయన మాట అది తెలుగు చేసింది,
నా మాటను ఏం చేసిందో నాకు తెల్వదు.
సగం ఊకల పోయినంక
మిగిలింది ఇది:

రెన్మిన్ అంటే జనం. బి అంటే పైకం.
యువాన్ అంటే గుండ్రం.
నోటుకు నాలుగు మూలలున్నా పేరు గుండ్రమే.
ఎప్పటిదో వెండి కరిగిపోయింది గానీ
దాని అంచు పేరుల మిగిలింది.

ఓనరుకు ఇట్ల చెప్పిన:
రెన్మిన్‌బి అంటే బియ్యం, యువాన్ అంటే బస్తా.
అయిదు బస్తాలంటం గానీ
అయిదు బియ్యాలంటమా?
ఆయన "ఆ" అని, చెక్కు మీద సంతకం చేసి,
ఎందుకైనా మంచిదని
రెండో కాగితం దేవుని పటం ఎనక దాచిండు.

"బజార్ల గూడ యువాన్ అనే అంటరా?"
లియాంగ్ నవ్విండు.
బజార్ల క్వాయ్ అంటరట. క్వాయ్ అంటే గడ్డ, ముక్క.
కూరగాయల కాడ ఒక ముక్క తగ్గించమని
బేరం చేస్తరట వాళ్ళ అమ్మ.
మాకూ అంతే గద.
పైస చచ్చి ఎన్నేండ్లాయె,
కోట్లున్నోన్ని ఇంకా పైసలున్నోడనే అంటం.

మా తాత హాలి లెక్కలు చెప్పేటోడు.
హాలి అంటే ఇప్పుడు చెల్లేది.
ఇప్పుడు చెల్లేదని పేరు పెట్టుకున్న పైకమే
చెల్లకుండ పోయింది.
ఇంగ్లీషోళ్ళది కల్దారు. కల్ అంటే మర.
ఆ మాట లియాంగ్‌కు చెప్పబోయిన.
ఫోను ఏదో వేరే అర్థం చెప్పింది,
ఆయన మర్యాదగా తల ఊపిండు.

నోట్లు మార్చుకొని చూసుకున్నం.
మా దాని మీద భాషల వరుసల
అట్టడుగున ఉర్దూ, దాని మీద తెలుగు,
మా గల్లీల ఇండ్ల లెక్క గోడ గోడ ఆనుకొని.
ఆయన దాని మీద కూడా వేరే వేరే లిపులు.
అన్నీ చదవొస్తయా అంటే చెయ్యి ఊపిండు.
నాకూ పదిహేనింటిల మూడే.

అప్పుడే సైదమ్మ చాయ్ తెచ్చింది.
మర కింద నూకలు ఊడ్చే సైదమ్మ,
కనుబొమ్మల మీద చిట్టు, జుట్టు మీద చిట్టు.
లియాంగ్ ఆమె చేతిల ఒక బిళ్ళ పెట్టిండు.
ఒక దిక్కు ఒకటి అంకె, ఒక దిక్కు చామంతి.
"దీన్నేమంటరు సారూ?"
"జనం పైకం."
అటు తిప్పి ఇటు తిప్పి
"జనం దయితే ఇండ్ల మేస్త్రికి వాటా ఉండది గద"
అని కొంగున ముడేసుకున్నది.

హనుమాన్‌పేట కిరాణంల తీసుకోలే.
ఆటోల తీసుకోలే.
బ్యాంకుల బిళ్ళలు మార్చరని నేనే చెప్పిన,
చెప్పి, ఎందుకో రెండు రోజులు
ఆమె దిక్కు చూడలేకపోయిన.

లియాంగ్ పోయిండు. మర నడుస్తున్నది.
లక్ష గింజలల్ల ఒక్క నల్లదాన్ని పట్టి
ఉఫ్ అని ఊదేస్తది.
ఖాతాల మారకం రేటు రాసిన, తేదీ రాసిన,
జనం పైకం అని రాయడానికి గడి లేదు.

నిన్న సాయంత్రం వడ్లెత్తిన సిమెంటు కల్లంల
సుద్దముక్కతో గడులు గీసి
సైదమ్మ మనుమరాలు తొక్కుడుబిళ్ళ ఆడుతున్నది.
పెంకు కాదు, ఆ చామంతి.
విసిరితే అంచు మీద లేచి, దొర్లి,
గీత తాకకుండ
ఆరో గడిల గిరగిర తిరిగి పండుకున్నది.

లంగా ఎగదోపుకొని
ఒంటికాలి మీద పోయి
ఎత్తుకొచ్చుకున్నది పిల్ల.